ఊరి నీటిని ఊరివారే పరీక్షించవచ్చునా?

చర్చాంశం: ఇంటింటికీ కుళాయి నీరు అందించే కేంద్ర పథకమైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో అయిదుగురికి, ముఖ్యంగా మహిళలకు, కిట్లతో తాగునీటిని పరీక్షించడంలో శిక్షణ ఇవ్వాలని నిర్దేశించారు. శ్రీకాకుళం జిల్లాలో ఈ శిక్షణను విద్యార్థులకూ యువజన సంఘాలకూ విస్తరించడం మేలా, కాదా?

కవిటి సభ్యుడు:
నేను వ్యతిరేకిస్తున్నాను. కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న మా ఉద్దానం ప్రాంతంలో మా నీళ్లనూ మా రక్తాన్నీ పరీక్షలకు పట్టుకువెళ్లినవారికి లెక్కలేదు. అయినా ఆ జబ్బుకు మూలమేమిటో నేటికీ తేలలేదు. పెద్ద ప్రయోగశాలలకే అంతుచిక్కని దానిని బడిపిల్లవాడు సీసాలోని రంగు చూసి చెప్పగలడా? ఒక్క తప్పుడు ఫలితం బయటికి పొక్కితే ఊరంతా బోరు వదిలి క్యాన్ల నీటి కోసం పరుగెడుతుంది. పైగా, ఈ బాధ్యత జీతం తీసుకునే అధికారులది.

పలాస ఉపాధ్యాయురాలు:
కవిటి మిత్రులకు నమస్కారం. మా మామగారు డయాలసిస్‌కు తిరిగిన రోజులు చూసినదానిని కనుక మీ మాటలోని బాధ నాకు తెలుసు. కిడ్నీ జబ్బు కారణాన్ని వాలంటీర్లు కనిపెడతారని ఎవరైనా చెబితే నేనూ అడ్డుపడతాను. ఆ జబ్బుకు కారణాలేమోనని అనుమానించే సిలికాను గానీ పురుగుమందుల అవశేషాలను గానీ ఆ కిట్లు కొలవలేవు. అయితే నీటితో మనకున్న ఆపద అదొక్కటే కాదు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయిన సంగతి మనమెవరమూ మరువలేదు.

అటువంటి ముప్పును ముందుగా పసిగట్టడానికి ఉపకరించేది, క్రిములను చంపడానికి కలిపే క్లోరిన్ నీటిలో మిగిలిందో లేదో చూసే పరీక్ష. కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. ఈ క్లోరిన్ నిలవ ఉన్న కొద్దీ తరిగిపోతుంది కాబట్టి నమూనాను సీసాలో పట్టి జిల్లా కేంద్రానికి పంపి లాభం లేదు, కుళాయి దగ్గరే నిలబడి చూడాలి. అదీ ట్యాంకు పక్కన కాక, పైపులైను చివరి ఇంటి దగ్గర చూడాలి. ప్రతి ఊరి చివరి కుళాయికీ వారం వారం వచ్చేటంతమంది సిబ్బంది ఏ కార్యాలయంలోనూ ఉండరు. రెండవది హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా. గీత వరకు నీరు నింపి ఒకటి రెండు రోజులు ఉంచినప్పుడు నల్లబడితే మలకాలుష్యాన్ని అనుమానించాలి. భూగర్భజలంలో సహజంగా గంధకం ఉన్నా నల్లబడవచ్చు కాబట్టి అది హెచ్చరికే తప్ప తీర్పు కాదు. శిక్షణలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసింది ఈ తేడాకే.

భయం సంగతికి వస్తే, అది ఇప్పటికే వ్యాపారమైపోయింది. మా వీధికి ఫిల్టర్లు అమ్మవచ్చినవారు నీటిలో కడ్డీలు పెట్టి కరెంటు పంపి, గోధుమరంగు తెట్టు చూపించి విషమన్నారు. ఆ తెట్టు కడ్డీలలోని ఇనుముది. టి.డి.ఎస్. మీటరు కరిగిన లవణాలను అంచనా వేస్తుందే గాని క్రిములను గుర్తించదని తెలిసిన పిల్లలు ఇంటికొకరుంటే ఆ మాయ సాగదు.

కవిటి సభ్యుడు:
క్లోరిన్ విషయం ఒప్పుకుంటాను. ఫలితం బాగాలేదని రాస్తే పట్టించుకునేదెవరు?

పలాస ఉపాధ్యాయురాలు:
అది అడగవలసిన ప్రశ్నే. అధికారుల బాధ్యత అధికారులదే. దానిని మనం నెత్తిన వేసుకోవడం లేదు. క్లోరిన్ లేదని తేలిన రోజునే బ్లీచింగ్ కలపాలి, నల్లబడిన సీసా తాలూకు నీటిని ప్రయోగశాలకు పంపి వచ్చిన జవాబును పంచాయతీ గోడ మీద రాయాలి. ఈ రెండింటికీ పంచాయతీ రాతపూర్వకంగా ఒప్పుకోనంతవరకు మా పిల్లల చేతికి కిట్టు ఇవ్వను. ఒప్పుకున్న మరునాడే మొదలుపెట్టగలం. చివరి కుళాయి ఏ వీధిలో ఉన్నదో మా పిల్లలు ఇప్పటికే గుర్తించారు.