బంపర్లు: రెండు సెట్లు చేయాలా, రంగు తిప్పే కవరు చాలా?

ఎంవీపీ కాలనీ విద్యార్థి:
మా స్కూలు టీం మొదటిసారి ఎఫ్‌ఆర్‌సీకి (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్, స్కూలు టీముల రోబో పోటీ) రోబో చేస్తోంది. మ్యాచ్‌లో ఎరుపు, నీలం కూటములుంటాయి. షెడ్యూలులో మనం ఏ కూటమిలో పడితే ఆ రంగు బంపర్లతో, అంటే రోబో చుట్టూ బిగించే మెత్తటి అంచులతో దిగాలి. ఒకటే సెట్టు చేసి రెండు రంగుల కవరు తిప్పుకుందామని సగం మంది, రెండు సెట్లు చేయాల్సిందేనని మిగతా సగం. డబ్బులు చూస్తే ఒక సెట్టుకే కష్టం. ఏం చేయమంటారు?

గాజువాక మెంటర్:
రెండు సెట్లే చేయండి తమ్ముడూ. 2024 రూలు బుక్కు ప్రకారం ముప్పావు అంగుళం మందం, 5 అంగుళాల ఎత్తున్న ప్లైవుడ్డు, దాని మీద ఒకదానిపై ఒకటి రెండు పూల్ నూడిల్స్ (ఈతకొలనుల్లో వాడే పొడవాటి ఫోమ్ గొట్టాలు), పైన గట్టి గుడ్డ. ఆ గుండ్రటి నూడిల్స్ మీద రెండు పొరల గుడ్డ బిగువుగా నిలవదు. మూలల దగ్గర ముడతలు పడతాయి, టీం నంబరు సరిగా కనిపించదు.

ఇంకో మాట. ఇద్దరు మనుషులు ఐదు నిమిషాల్లోపు బంపర్లు పెట్టి తీయగలగాలన్నది ఆ బుక్కులోని సూచనే. చెయిన్ తెగితే ఎలాగూ బంపరు ఊడదీయాలి. అది ఇట్టే ఊడేలా చేసుకుంటే రంగు మార్చడం కష్టమే కాదు.

మా మొదటి ఏడాది ఒక్కో బంపరుకు విడివిడిగా కొలిచి రంధ్రాలు వేశాం. ఎరుపు సెట్టు చక్కగా కూర్చుంది. నీలం మాత్రం మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయింది. పిట్‌లో, అంటే మ్యాచ్‌ల మధ్య రోబోను సరిచేసుకునే చోట, సుత్తితో కొడుతుంటే నట్టు ఒకటి రోబో ఛాసిస్‌లో పడింది, వెతికేలోపు మ్యాచ్‌కి పిలిచేశారు. పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తే. తర్వాత ఇనుప పట్టీతో జిగ్ (రంధ్రాలన్నీ ఒకే కొలతకు పడేలా చూసే అచ్చు) చేసి, అన్ని ముక్కలకూ దాంతోనే రంధ్రాలు వేశాం.

కంచరపాలెం పాత ఆటగాడు:
సార్, నేను ఒప్పుకోను. మేం ఒకటే సెట్టుతో ఆడాం. ప్లైవుడ్డు, నూడిల్స్ ఖర్చు సగమైంది, రైల్లో మోయాల్సిన సామానూ సగమే. మూలల్లో ముడతలన్నది నిజమే, కానీ సీటు కవర్లు కుట్టే టైలరుకు రోబోనే చూపించి కుట్టిస్తే చాలావరకు పోతాయి. తిప్పడానికి నిమిషం పట్టేది. వెల్క్రో వాడితే రూలుకు విరుద్ధమని భయపెడతారు గానీ, అది కవరును పట్టుకుంటే పర్వాలేదు. బంపరును రోబోకు బిగించేది వెల్క్రో, టేపు, జిప్ టై కాకూడదు, అంతే.

గాజువాక మెంటర్:
వెల్క్రో సంగతి మీరన్నదే కరెక్టు. డబ్బు లేని టీముకు మీ దారే నయం, నేను మొదట ఆ మాట పట్టించుకోలేదు. అయినా ఢీకొన్నప్పుడు కవరు అంచు పక్క రోబోకు చిక్కుతుందన్న టెన్షన్ నాకు పోదు. అంచును బయటికి వదలకుండా ప్లైవుడ్డు వెనక్కి మడిచి కట్టండి.

తమ్ముడూ, ఏది ఎంచుకున్నా ముందు బంపరును రోబోకు పట్టి ఉంచే బ్రాకెట్ల పని చూడండి. బోల్టులకు బదులు లాకింగ్ పిన్నులైతే పానా అక్కర్లేదు. స్టెయిన్‌లెస్‌వే కొనండి, మన సముద్రపు గాలికి మామూలు ఇనుము నెలలోనే తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. ప్లైవుడ్డు కూడా తేమకు ఉబ్బుతుంది, రంధ్రం ఒక మిల్లీమీటరు వదులుగా ఉంచండి.

ఎంవీపీ కాలనీ విద్యార్థి:
థాంక్స్ సార్, థాంక్స్ అన్నా. ఇప్పటికి ఒక సెట్టు, తిప్పే కవరు. జిగ్ మాత్రం చేసి దాచుకుంటాం, డబ్బు వస్తే రెండోది దాంతోనే చేస్తాం. శనివారం ఆటోనగర్ వెళ్తున్నాం. పిన్నులకు తాడు కట్టాలా?

గాజువాక మెంటర్:
కట్టండి, పొట్టిగా. చక్రం దాకా వేలాడకూడదు.