దాదాపు తిరగకుండా దాచిన కారు: రోడ్డెక్కించాలా, అలాగే ఉంచాలా?

మేనల్లుడు87
అందరికీ నమస్కారం. మా మేనమామ కొత్తగా కొని పక్కన పెట్టేసిన 1987 బ్యూక్ జీఎన్‌ఎక్స్ అనే అమెరికా కారు ఇప్పుడు నా చేతికి వచ్చింది. మొత్తం తయారైనవే 547. మీటరు మీద మైళ్లు మూడంకెలకు కూడా చేరలేదు. ఆఖరుసారి ఎప్పుడు స్టార్ట్ చేశారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. నడపాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది. అక్క మాత్రం ముట్టుకోవద్దు, ఉన్నదున్నట్టు అమ్మేద్దాం అంటోంది. మూడు విషయాలు చెప్పండి. నడిపితే విలువ ఎంత పడిపోతుంది? నడపకపోతే ఎలా దాచాలి? ఇన్సూరెన్సు ఏ విలువకు చేయించాలి?

రోడ్డురాజా
నడపండి తమ్ముడూ! ఇందులో ఆలోచించేదేముంది? మెక్‌లారెన్ ఎఫ్1 అనే రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కారు ప్రపంచం మొత్తం మీద 106 మాత్రమే తయారయ్యాయి. నటుడు రోవన్ అట్కిన్సన్ తన ఎఫ్1ను దాదాపు 41,000 మైళ్లు తిప్పారు. రెండుసార్లు గుద్దారు కూడా. అయినా 2015లో అది 80 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. అంటే కొన్న ధరకు పదింతల పైనే. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ తన ఫెరారీ 250 జీటీఓను షెడ్డులో పెట్టుకుని పూజ చేయలేదు, రేసుల్లో తిప్పారు. నా దగ్గరున్న పాత కారును ఎండలో, వానలో తిప్పుతూనే ఉన్నాను. ఆ ఇంజన్ చప్పుడు వినకుండా నాకు వారం గడవదు.

అసలురంగు
రాజా గారూ, మీరు సగమే చెప్పారు. అదే ఎఫ్1 ఇంకొకటి, 242 మైళ్లే తిరిగినది, 2021 ఆగస్టులో పెబుల్ బీచ్ వేలంలో 2 కోట్ల 4 లక్షల డాలర్లకు పైగా పలికింది. 2013లో నెబ్రాస్కాలోని పియర్స్ అనే చిన్న ఊళ్లో ఒక పాత షెవర్లే డీలరు దాచిపెట్టిన బండ్లన్నీ వేలం వేశారు. అందులో 1.3 మైళ్లు మాత్రమే తిరిగిన 1958 కేమియో పికప్ 1,40,000 డాలర్లకు పోయింది. మామూలు పికప్ బండి అది!

కానీ నా బాధ డబ్బు గురించి కాదు. తిరగని బండి ఒక సాక్ష్యం. ఏ బోల్టుకు ఏ పూత ఉంది, బాడీ కింద రంగు తుంపర ఎక్కడిదాకా పడింది, తనిఖీ చేసినవాళ్లు సుద్దతో ఎక్కడ గీత గీశారు, ఇవన్నీ దాని మీదే కనిపిస్తాయి. మిగతా 546 బండ్లలో దేన్ని బాగు చేయాలన్నా మనిషి వెళ్లి చూసుకోవాల్సింది ఇలాంటి దాన్నే. మీరు మోజు తీర్చుకుంటే ఆ సాక్ష్యం మళ్లీ రాదు. రంగు మళ్లీ వేయించవచ్చు, ఫ్యాక్టరీలో వేసిన రంగు మాత్రం ఒక్కసారే.

గ్రీజుచేతులు
విలువ, సాక్ష్యం తర్వాత చూసుకుందాం. మేనల్లుడు గారూ, ముందు ఒక మాట. తాళం తిప్పకండి. బ్యాటరీ కొత్తది పెట్టి ఒకసారి చూద్దాం అనుకోకండి. ఇలా నిద్రపోయిన ఇంజన్లను లేపడమే నా పని. నా దగ్గరికి వచ్చే నాశనంలో ఎక్కువభాగం నిలబెట్టినన్నాళ్లలో జరిగింది కాదు, ఆ మొదటి స్టార్టులో జరిగింది.

మీ ఇంజన్ 3.8 లీటర్ల టర్బో వీ6. క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ) ఫ్లాట్ ట్యాపెట్ రకం, అంటే వాల్వులను లేపే ముక్కలు రోలర్లు లేకుండా నేరుగా దాని మీదే రాసుకుంటాయి. అన్నేళ్లలో క్యామ్ మీద, సిలిండర్ గోడల మీద ఆయిల్ పొర మొత్తం కిందికి కారిపోయి ఉంటుంది. ఎండిన లోహం మీద లోహం రాసుకుంటే మొదటి నిమిషంలోనే క్యామ్ అరుగుతుంది. పాత పెట్రోలు మొత్తం తీసేయండి, అది ఇప్పటికి జిగురైపోయి ఉంటుంది. ఇంజెక్టర్లు (పెట్రోలు చిమ్మే గొట్టాలు) విప్పి శుభ్రం చేయించండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, లోపలికి సన్నని కెమెరా పంపి సిలిండర్లు చూడండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి బ్రేకులన్నీ విప్పాల్సిందే. రబ్బరు ఏదైనా సరే అనుమానించండి.

వారంవారం
అంత భయపెట్టాలా అన్నా? నా బండిని వారానికోసారి షెడ్డులోనే పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తాను. బ్యాటరీ ఛార్జ్ అవుతుంది, ఆయిల్ తిరుగుతుంది. ఒక్క సమస్య రాలేదు. నడపనూ అక్కర్లేదు, పాడవనూ పాడవదు.

గ్రీజుచేతులు
మీరు చేస్తున్నది నడపడం కంటే, అసలు ముట్టుకోకపోవడం కంటే కూడా చెడ్డది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. ఇంజన్ బాగా వేడెక్కితే అది ఆవిరై పోతుంది. పది నిమిషాల్లో ఆపేస్తే సైలెన్సర్‌లో, ఆయిల్‌లో మిగిలిపోతుంది. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు కూడా ఆయిల్‌లోకి దిగుతుంది. సైలెన్సర్లు లోపలి నుంచి తుప్పు పట్టేది ఇలాగే.

వారంవారం
లీటరు పెట్రోలుకు లీటరు నీళ్లా? ఎక్కడి నుంచి వస్తాయండీ అన్ని నీళ్లు? నోటికొచ్చింది రాసి కొత్తవాళ్లను బెదరగొట్టొద్దు. నా బండి సైలెన్సర్ ఇప్పటికీ నిక్షేపంలా ఉంది.

గ్రీజుచేతులు
బయటి నుంచి చూసి చెబుతున్నారా, లోపల చూశారా?

వారంవారం
మీరు నా బండి చూడకుండానే తీర్పు చెప్పేశారు కదా!

రసాయనం
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. గ్రీజుచేతులు గారు చెప్పిన లెక్క సరైనదే. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఆ నీటి బరువులో ఎక్కువ భాగం గాలి నుంచి వచ్చినదే, అందుకే నమ్మబుద్ధి కాదు. ఆక్టేన్‌ను ఉదాహరణగా తీసుకుంటే 114 గ్రాములు పూర్తిగా కాలితే 162 గ్రాముల నీరు వస్తుంది. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో చుట్టూ ఉంటుంది. మీరే గుణించి చూడండి. పొద్దున్నే చల్లటి బండి స్టార్ట్ చేస్తే సైలెన్సర్ చివర నుంచి చుక్కలు కారడం అందరూ చూసిందే కదా.

వారంవారం
సరే, నీళ్లు వస్తాయి అనుకుందాం. బ్యాటరీ సంగతేంటి? స్టార్ట్ చేయకపోతే చచ్చిపోదా?

గ్రీజుచేతులు
దానికి మెయింటైనర్ ఛార్జర్ (బ్యాటరీని కొద్దికొద్దిగా నింపుతూ ఉంచేది) తగిలించి వదిలేయండి. బ్యాటరీ కోసం ఇంజన్‌ను బలి పెట్టకండి. స్టార్ట్ చేస్తే అరగంటైనా రోడ్డు మీద నడపాలి, ఆయిల్ బాగా కాగాలి. అది కుదరకపోతే ముట్టుకోవద్దు. ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను.

మేనల్లుడు87
అందరికీ థాంక్స్. తాళం తిప్పలేదు, అక్క దగ్గరే ఉంచాను. ఇంకో సందేహం. టైర్లు చూస్తే పగుళ్లు పెద్దగా లేవు, నల్లగా బాగానే ఉన్నాయి. లోపలివైపు అంచు మీద డాట్ అనే అక్షరాల వరుస చివర 327 అని ఉంది. వాడుకోవచ్చా? ఇన్సూరెన్సు గురించి కూడా ఎవరైనా చెప్పండి.

రోడ్డురాజా
327 అంటే 32వ వారం, 7తో ముగిసే సంవత్సరం. 2000కు ముందు మూడంకెలే వేసేవాళ్లు. అంటే బండితో పాటు 1987లో వచ్చిన టైర్లే అవి. వాటి మీద వీధి చివరిదాకా కూడా పోవద్దు! 2013లో నటుడు పాల్ వాకర్ చనిపోయిన పోర్షే కరేరా జీటీకి ఉన్నవి తొమ్మిదేళ్లు దాటిన టైర్లు. బండి తిరగలేదు కాబట్టి టైరు కొత్తదే అనుకోవడం ప్రాణాంతకం.

సూటిగా
ఆ ప్రమాదానికి కారణం వేగం అని దర్యాప్తులో తేల్చారు. 45 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 80 నుంచి 93 మైళ్ల మధ్య వెళ్లారు. టైర్ల పాతదనాన్ని కూడా అందులో ప్రస్తావించారు, అంతే. చనిపోయినవాళ్ల ప్రమాదాన్ని మన వాదన కోసం సగం చెప్పడం న్యాయం కాదు.

రోడ్డురాజా
టైర్లు పాతవి అన్నది అబద్ధమా? కాదు కదా! నేను చెప్పింది అదే. పాత రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. ఆ కుర్రాడు ఆ టైర్లతో టర్బో వత్తితే ఏమవుతుందో మీరు పూచీ పడతారా?

అసలురంగు
టైర్ల మీద మాత్రం రాజా గారితో ఏకీభవిస్తాను. కానీ మేనల్లుడు గారూ, ఆ 327 టైర్లను పారేయొద్దు. చక్రాల నుంచి విప్పించి చీకటిగా, చల్లగా ఉన్నచోట పెట్టండి. నడపడానికి వేరే చక్రాలు, వేరే టైర్లు వేసుకోండి. అమ్మే రోజున అవి బండితో పాటు ఉండాలి.

లెక్కలమనిషి
దాచితే ధర పెరుగుతుంది అనుకునేవాళ్లకు ఒక కథ. 1976లో క్యాడిలాక్ ఎల్డొరాడో ఓపెన్ టాప్‌ను అమెరికాలో ఆఖరి కన్వర్టిబుల్ (పైకప్పు మడిచే కారు) అని ప్రచారం చేసి అమ్మారు. జనం ఎగబడి కొని షెడ్లలో పెట్టేశారు. 1984 మోడల్‌గా ఎల్డొరాడో కన్వర్టిబుల్ మళ్లీ వచ్చింది. దాచుకున్నవాళ్లు కోర్టుకెక్కారు. 1978 కార్వెట్ ఇండీ పేస్ కారు (ఇండీ రేసులో ముందు నడిచే బండి పేరుతో అమ్మిన మోడల్) కూడా అంతే, 6,502 చేశారు, అందరూ దాచారు. అందరూ దాచినదానికి అరుదుదనం ఎక్కడిది? జీఎన్‌ఎక్స్‌ను కూడా మొదటి రోజు నుంచే దాచినవాళ్లు చాలామంది. తిరగని జీఎన్‌ఎక్స్ అంటే అనుకున్నంత అపురూపం కాదు.

అసలురంగు
మళ్లీ డబ్బు దగ్గరికే తెచ్చారు. ధర తగ్గితే ఆ బండిలోని చరిత్ర తగ్గుతుందా? దయచేసి ఆ రెండింటినీ కలపకండి.

లెక్కలమనిషి
వేలం ధరలు మొదట రాసింది మీరే సార్.

పాతిపెట్టిన_ప్లిమత్
దాచితే భద్రం అని ఎవరన్నారు? నా పేరు ఊరికే పెట్టుకోలేదు. 1957లో అమెరికాలోని టల్సా నగరంలో కొత్త ప్లిమత్ బెల్వెడెర్‌ను కాంక్రీటు గదిలో పెట్టి భూమిలో పూడ్చారు, 50 ఏళ్ల తర్వాత తీద్దామని. 2007లో తీస్తే గది నిండా నీళ్లు చేరి బండి తుప్పుముద్ద అయింది. మ్యూజియంలో పెడితే? 2014 ఫిబ్రవరిలో కెంటకీలోని కార్వెట్ మ్యూజియంలో నేల కుంగి 8 కార్లు గుంటలో పడ్డాయి. ఆ పూట ఇంకా తలుపులు తీయలేదు కాబట్టి మనుషులెవరూ లేరు.

అసలురంగు
టల్సాలో చేసింది దాచడం కాదు, పాతిపెట్టడం. తేమను చూసుకునే నాథుడే లేడు. దాచడం అంటే గాలిలో తేమ 50 శాతం అటూ ఇటూగా నిలపాలి. 60 దాటితే ఇనుము తుప్పు వేగంగా పడుతుంది, మరీ తగ్గిస్తే తోలు, చెక్క పగులుతాయి. నేలలోంచి చెమ్మ రాకుండా బండి కింద మందపాటి షీటు పరవాలి. పైన కప్పేది గాలి ఆడే గుడ్డ అయి ఉండాలి, ప్లాస్టిక్ షీటు కాదు. ఇది రోజూ చూసుకోవాల్సిన పని. బద్ధకించినవాళ్ల ఉదాహరణలు తెచ్చి దాచడాన్నే తప్పు పట్టకండి.

సూటిగా
నడపకపోయినా ఖర్చు ఆగదని కూడా చెప్పండి మరి. మెక్‌లారెన్ ఎఫ్1 ట్యాంకులోని పెట్రోలు సంచిని ఐదేళ్లకోసారి మార్చాలి, బండి కదలకపోయినా సరే. చాలా ఫెరారీల టైమింగ్ బెల్టుకు కిలోమీటర్లే కాదు, సంవత్సరాల గడువు కూడా ఉంది. ఫెరారీ టెస్టరోసాలో ఆ బెల్టు మార్చడానికి ఇంజన్ మొత్తం కిందికి దించాలి.

మ్యూజియంమిత్ర
రెండూ చేసేవాళ్లున్నారు. ఫిలడెల్ఫియాలోని సిమియోన్ మ్యూజియంలో అసలైన రేసు కార్లను రంగు మార్చకుండా కాపాడుతూనే, ప్రదర్శన రోజుల్లో భవనం వెనక స్థలంలో నడిపి చూపిస్తారు. లండన్ నుంచి బ్రైటన్ దాకా జరిగే యాత్రలో 1905కు ముందు పుట్టిన బండ్లు రోడ్డు మీదే వెళ్తాయి.

రోడ్డురాజా
అదే కదా నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది!

అసలురంగు
కాదు. మీరు ఎండలో, వానలో తిప్పమన్నారు. వాళ్లు మెకానిక్‌ను పక్కన పెట్టుకుని కాసేపు నడుపుతారు.

మేనల్లుడు87
కెమెరా పంపించి చూశాం. అక్క కూడా పక్కనే నిలబడి చూసింది. ఐదు సిలిండర్లు శుభ్రంగా ఉన్నాయి. నాలుగోదాంట్లో గోడ మీద ఒకవైపు గోధుమరంగు చార ఉంది, గోరంత వెడల్పు. ఇంజన్ పాడైపోయినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

గ్రీజుచేతులు
కంగారు పడకండి. బండి ఆపిన రోజున ఆ సిలిండర్ వాల్వు తెరిచి ఉండిపోయి ఉంటుంది, తేమ ఆ దారినే లోపలికి పోతుంది. ప్లగ్గు రంధ్రంలోంచి తుప్పు వదిలించే నూనె పోసి నాలుగైదు రోజులు నానబెట్టండి. తర్వాత స్టార్టర్ వాడకుండా, ముందున్న పెద్ద బోల్టుకు పానా వేసి, ఇంజన్ తిరిగే దిక్కులోనే చేత్తో తిప్పండి. ఎక్కడ పట్టేసినా బలం పెట్టొద్దు, ఆగి మళ్లీ నానబెట్టండి. రెండు చుట్లు సాఫీగా తిరిగాక మళ్లీ కెమెరా పెట్టి ఆ చార ఫొటో ఇక్కడ పెట్టండి. చార చెరిగిపోతే అది పైపైదే. గుంటలు కనిపిస్తే మాత్రం హెడ్ (సిలిండర్ల పైమూత) విప్పకుండా ముందుకు వెళ్లొద్దు.