పెరట్లో దొరికిన నత్తల్ని డబ్బాలో పెంచొచ్చా, కూడదా?

మల్లెపందిరి (పర్లాకిమిడి):
వానలు పట్టుకున్నాయి. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు ఏ పెరడు చూసినా గోడల నిండా నత్తలే. పిల్లలు వాటిని ఏరి గాజు సీసాల్లో వేసుకుని పెంచుతామని పేచీ పెడుతున్నారు. పర్వాలేదనే పెద్దలున్నారు, మెదడుకి రోగం వస్తుందని విసిరేయమనేవాళ్లూ ఉన్నారు. పెంచొచ్చా? పెంచితే ఎలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

చిత్తడినేల (రాయగడ):
పెంచొచ్చమ్మా. సీసాలో మాత్రం వద్దు, గాలాడక రెండు రోజుల్లో కుళ్లు వాసన మొదలవుతుంది. నాలుగు చిన్న నత్తలకి పదిహేను లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, బిగువైన మూత ఉండాలి. దబ్బనం కాల్చి మూతకి, పక్కల పై అంచుకి నలభై దాకా చిల్లులు పెట్టండి. ఒక్క మూతకే పెడితే లోపలి గాలి కదలదు. చిల్లు రెండు మిల్లీమీటర్లు దాటిందా, గుడ్లలోంచి వచ్చిన పిల్లలు బయటికి పాకేస్తాయి.

అడుగున మూడు వేళ్ల మందాన మట్టి. సగం పెరటి మట్టి, సగం కొబ్బరిపొట్టు. యూరియా చల్లిన మడిలోది, పురుగుమందు కొట్టిన చోటిది తేవద్దు. చాలామంది పొరబడేది కొబ్బరిపొట్టు దగ్గరే. సముద్రం పక్క ఊళ్లలో పీచుని ఉప్పునీట్లో నానబెడతారు, ఆ ఉప్పు పొట్టులో ఉండిపోతుంది. నత్త ఒంట్లో నీటిని ఉప్పు లాగేస్తుంది. అందుకని బకెట్ నీళ్లలో మూడుసార్లు నానబెట్టి పిండాకే వాడాలి. మట్టి పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చుక్క కారకూడదు. చిలకరించే కుళాయి నీళ్లు ఒక రోజు మూత తీసి నిలవ ఉంచినవై ఉండాలి.

తిండి: దోసకాయ ముక్క, బీరకాయ తొక్క, తోటకూర, చిలగడదుంప. సంతలో కొన్న ఆకులైతే బాగా కడిగి పెట్టండి. పాలకూర తరచుగా వద్దు, అందులోని ఆక్సాలిక్ ఆమ్లం సున్నపు సత్తువని ఒంటికి పట్టనివ్వదు. ఉప్పు తగిలిన అన్నం, నిమ్మజాతి పళ్లు అసలే వద్దు. రాత్రి పెట్టి పొద్దున్నే తీసెయ్యాలి, లేకపోతే బూజు, దాని వెనకే తెల్ల పేను.

గుల్లకి కాల్షియం తప్పదు. కోడిగుడ్డు పెంకులు పది నిమిషాలు ఉడకబెట్టి, ఎండబెట్టి, పొడి చేసి ఒక మూలన పోయండి. గోపాలపురం ఒడ్డున దొరికే సముద్రపు నురుగు (కటిల్ చేప లోపలి తెల్లటి ఎముక) ఇంకా మంచిది, అయితే రెండు రోజులు మంచినీళ్లు మారుస్తూ నానబెట్టి ఉప్పు పోగొట్టాలి. వానాకాలం నత్తలు వెల్ల వేసిన గోడల్ని గీరేది కూడా ఈ కాల్షియం కోసమే. దగ్గరికెళ్లి చూస్తే పాచి పట్టిన వెల్ల మీద సన్నటి గీతలు వంకర వరసల్లో కనిపిస్తాయి, అవి నాలుక మీది పళ్లు గీరిన గుర్తులు. గోడ సున్నం ఎప్పుడో ఆరి సుద్దలా మారింది కాబట్టి వాటికేమీ కాదు. అది చూసి కొందరు తాంబూలం సున్నం పెడుతున్నారు. తడి సున్నం మెత్తటి ఒంటిని కాల్చేస్తుంది.

గోడకి అంటుకున్న దాన్ని గుల్ల పట్టి లాగకండి. గుల్లకీ ఒంటికీ మధ్య కండరం తెగితే మళ్లీ అతుక్కోదు. కాసిని నీళ్లు పోసి, తల ముందు నుంచి వేలు పోనిస్తే అదే ఎక్కుతుంది.

అరటితోట (గుణుపురం):
అంతా బాగానే చెప్పావు తమ్ముడూ, మొదట అడగాల్సిందే అడగలేదు. ఏ నత్త? పొడుగ్గా మొన తేలిన గుల్ల, లేత రంగు మీద గోధుమరంగు నిలువు చారలు, ఐదు నుంచి పది సెంటీమీటర్లు ఉంటే అది ఆఫ్రికా నత్త. అరటి, బొప్పాయి, బంతి, కూరగాయల నారు, దేన్నీ వదలదు. మన ఊరిది అణిగిన గుండ్రటి గుల్ల, నున్నటి మెరుపు, దాని చుట్టూ ముదురు పట్టీలు, మూడు నాలుగు సెంటీమీటర్లు మించదు.

ఆఫ్రికా నత్త పిల్లలు కొంచెం బొద్దుగా ఉంటాయి కాబట్టి తికమక పడతారు. అప్పుడు రెండు చోట్ల చూడండి. మన నత్త తోక చివర గుంటలాంటిది, దాని మీద చిన్న కొమ్ములా పైకి లేచిన మొన ఉంటుంది. ఆఫ్రికా దానికి ఆ కొమ్ము లేదు, పైగా గుల్ల నోటి లోపలి నడిమి స్తంభం కింది కొస కత్తితో కోసినట్టు మొండిగా ఆగిపోతుంది.

ఇది మన దేశానికి వచ్చిందే ముచ్చటపడి తెచ్చుకోవడం వల్ల. 1847లో డబ్ల్యూ. హెచ్. బెన్సన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి మారిషస్ నుంచి కలకత్తా తెచ్చినవి చౌరంగీ తోటలోకి చేరాయి, ఆ తర్వాత దేశమంతా పాకాయి. అమెరికాలోనూ అంతే. 1966లో ఒక పిల్లాడు హవాయి నుంచి మూడింటిని మయామీ తెస్తే, వాళ్ల అవ్వ తోటలో వదిలింది. ఏడేళ్లకి లెక్క వేలల్లోకి వెళ్లింది, ఏరివేత 1975 దాకా సాగింది, పద్దెనిమిది వేల పైచిలుకు నత్తల్ని పట్టారు.

ఈ నత్త ఒక్కొక్కదానిలోనూ ఆడ, మగ రెండూ ఉంటాయి. ఒకసారి జతకట్టిందంటే వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు. ఒక్కటే ఉంది కదా అని పెడితే డబ్బా మట్టిలో ఒక్క విడతకే వంద పైన గుడ్లు. ఆఫ్రికా నత్తని పెంచమనే మాటే వద్దు.

జువాలజీ మాష్టారు (బరంపురం):
అరటితోట గారి మాటకి నా మాట కలుపుతున్నాను. మెదడు రోగం భయం ఉత్తిది కాదు. ఎలక ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండే ఒక సన్నని పురుగు పిల్లలు ఎలక పెంటికల్లోకి వస్తాయి. నత్త ఆ పెంటికలు తింటుంది. దాని కండలో ఆ పిల్లలు మనిషికి సోకే దశకి ఎదుగుతాయి. పచ్చిగానో సగం ఉడికిందో తిన్నా, చిన్న నత్తలు నక్కి ఉన్న ఆకుకూరని కడక్కుండా తిన్నా అవి మెదడు పొరల దాకా వెళ్తాయి. సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో విపరీతమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, చర్మం మీద సూదులు గుచ్చినట్టు ఉండడం. ఇవి కనిపిస్తే ఆసుపత్రిలో నత్తల సంగతి ముందే చెప్పాలి, అడిగేదాకా ఆగొద్దు.

జిగురులో పురుగు పిల్లలు ఉండే అవకాశం తక్కువే, కానీ వేలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లల చేతికి ఇవ్వకూడదు. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. డబ్బా గట్టు, వంట గట్టు ఒకటి కాకూడదు.

ఇంకో మాట. చెరువు నత్తగుల్లల్ని మన వైపు వండుకుంటారు, ఒడియాలో గెండా అంటారు. ఆ అలవాటుతో పెరటి నత్తని పొయ్యి మీద కాల్చి పిల్లలకి పెట్టకండి, లోపల ఉడకదు. ఏ నత్తయినా గుల్లలోంచి తీశాక నీళ్లు తెర్లుతుండగా కనీసం ఐదు నిమిషాలు ఉడకాల్సిందే.

చిత్తడినేల (రాయగడ):
మాష్టారూ, ఆఫ్రికా నత్త విషయంలో తప్పు నాదే, గుర్తుపట్టడం ముందు చెప్పాల్సింది. కానీ మన నత్తనీ అదే గాటన కట్టడం న్యాయం కాదు. పురుగు ఎలక పెంటిక తినడం వల్లే వస్తుంది కదా, మరి శుభ్రమైన మట్టిలో డబ్బాలోనే పుట్టి పెరిగిన పిల్లకి ఎలా వస్తుంది? మన జాతి నత్తని వారం ఉంచి, గుడ్లు పెట్టాక దాన్ని వదిలేసి, ఆ పిల్లల్ని పెంచితే భయం చాలా తగ్గుతుంది.

జువాలజీ మాష్టారు (బరంపురం):
ఆ వాదన సరైందే, ఒక షరతు మీద. మట్టీ ఆకులూ పెరట్లోంచే వస్తే ఎలక కూడా వాటితోనే వచ్చినట్టు. మట్టిని కళాయిలో పొగలు వచ్చేదాకా వేయించి చల్లార్చండి. డబ్బా నేల మీదా, ధాన్యం గదిలోనూ పెట్టొద్దు, ఆ వాసనకి ఎలకలే వస్తాయి.

అరటితోట (గుణుపురం):
నాకింకా ఒప్పుదల లేదు. పెంచినన్నాళ్లు పెంచి, స్కూలు తెరిచాక విసుగొచ్చి ఎక్కడో పారేస్తారు. మన నత్తనైనా ఏ గోడ మీద తీశారో ఆ గోడ దగ్గరే వదలాలి, వేరే ఊరిది తెచ్చి కలపకూడదు. నర్సరీ కుండీ మట్టిలో వచ్చినదైతే ముందే అనుమానించండి, ఆఫ్రికా నత్త ఊరూరా తిరిగే దారుల్లో అదొకటి. దాని గుడ్లు మట్టిలో వేలెడు లోతున గుంపుగా, మినపగింజంత, పాలిపోయిన పసుపు రంగులో ఉంటాయి. మరిగే నీళ్లలో వేసి, ఆ తర్వాత పూడ్చండి. ఉత్తినే చెత్తలో వేస్తే పది పదిహేను రోజుల్లో పిల్లలు.

గుమ్మడిపాదు (ఛత్రపురం):
ఇంకో సంగతి అడగాలి. డబ్బాలో నత్త మూడు రోజుల్నించి గుల్ల నోటికి తెల్లటి కాగితంలాంటి పొర కట్టుకుని కదలడం లేదంటే చచ్చినట్టేనా?

చిత్తడినేల (రాయగడ):
కాదమ్మా. డబ్బా లోపల పొడిబారింది, అందుకని తలుపేసుకుంది. పొరని గోరుతో పీకకండి. తడిబట్ట మీద పెట్టి, పక్కన దోసకాయ ముక్క ఉంచి, సాయంత్రం చుట్టూ నీళ్లు చిలకరించండి. చాలావరకు ఆ రాత్రికే పొర తడిసి కొమ్ములు బయట పెడుతుంది. చచ్చినదైతే ఒళ్లు వేలాడుతుంది, కుళ్లు వాసన కొడుతుంది. అప్పుడు దాన్నీ కింది మట్టినీ తీసేసి డబ్బా వేడినీళ్లతో కడగండి. సబ్బు వాడితే నాలుగుసార్లు నీళ్లు పోసి వదలగొట్టాకే మళ్లీ మట్టి వేయండి.