ఈ-రీడర్‌లో ఒకే రచయిత నాలుగు పేర్లతో కనిపిస్తున్నారు, ఎలా సర్దాలి?

అందరికీ నమస్కారం. నా ఈ-రీడర్‌లో 600 పైచిలుకు పుస్తకాలు పోగుపడ్డాయి. చాలావరకు ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైల్ రకం), కొన్ని పీడీఎఫ్. చదివినవి ఎన్నంటారా, ఆ సంగతి వదిలేయండి.

అసలు తలనొప్పి రచయితల జాబితాతో. ఒకే మనిషి ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక, మరోచోట ఇంగ్లిష్ లిపిలో. ఇనిషియల్ పక్కన చుక్క ఉంటే ఒకరు, లేకపోతే వేరొకరు! నిన్న రాత్రి కూర్చుని ఫైల్ పేర్లన్నీ మార్చాను. రీడర్‌లో ఒక్కటీ మారలేదు. అది చూసేది ఫైల్ పేరు కాదు, ఈపబ్ లోపలి మెటాడేటా (పుస్తకం పేరు, రచయిత లాంటి వివరాలు) అని తర్వాత తెలిసింది. రెండు గంటల శ్రమ గంగపాలు.

ఇప్పుడు కంప్యూటర్‌లో ఈ-పుస్తకాలను సర్దుకునే క్యాలిబర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. అందులో రచయితల పేర్లను వరసలో పెట్టే 'ఆథర్ సార్ట్' దానంతటదే పేరులోని చివరి మాటను ముందుకు తెచ్చి కామా పెడుతోంది. ఇంటిపేరుతో మొదలయ్యే మన పేర్లకు అది తిరగబడుతోంది. ఒక్కొక్కటీ దిద్దకుండా, ఉన్నది ఉన్నట్టు ఉంచమని చెప్పే సెట్టింగ్ ఎక్కడుంది?

సంపుటాలదీ ఇదే గొడవ. 1 తర్వాత 10, 11, ఆ తర్వాతే 2 వస్తోంది. సంఖ్యను శీర్షికలోంచి తీసేసి సిరీస్ గడిలో వేస్తే సరిపోతుందా?

అన్నిటికన్నా పెద్ద భయం ఇంకోటి. సరిదిద్దిన ఫైళ్లు మళ్లీ ఎక్కిస్తే పాతవాటిలో నేను గీసుకున్న గీతలు, రాసుకున్న నోట్స్ పోతాయా? ఇది చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు దేన్ని బ్యాకప్ తీసుకోవాలో చెప్పండి. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోను.