అయిదు నెలలు షెడ్డులోనే ఉన్న క్యాంపర్ వ్యాను, ఉగాదికి బయటికి తీయాలి, ఏమేం చూసుకోవాలి?

అన్నలూ, అనంతపురం నుంచి అడుగుతున్నా. పాత టెంపో ట్రావెలర్‌లో వెనక రెండు పరుపులు, సింకు, గ్యాస్ స్టవ్వు పెట్టించి క్యాంపర్‌లా చేసుకున్నాం. దీపావళి తర్వాత మామ వాళ్ల రేకుల షెడ్డులో పెట్టి మళ్లీ అటు చూడలేదు, తప్పు నాదే. ఉగాదికి గండికోట తీసుకెళ్తానని పిల్లలకి మాటిచ్చేశా.

నిన్న తలుపు తీస్తే ఒకటే ఎలుకల కంపు. డ్యాష్‌బోర్డు కింద ఒక వైరు తొక్క కొరికేసి లోపల రాగి మెరుస్తోంది, సీటు స్పాంజి పొడిపొడిగా రాలి ఉంది. బ్యాటరీ 11.4 వోల్టులు చూపిస్తోంది, నిండుగా ఉంటే 12.6 ఉండాలి కదా, మెల్లగా ఛార్జింగ్ పెడితే లేస్తుందా, కొత్తది కొనాల్సిందేనా? టైర్ల మీద 3218 అని ఉంది, అంటే 2018లో 32వ వారం తయారీ, టైరు గాడులు బాగానే ఉన్నాయి గానీ పక్కన సన్నగా పగుళ్లు, మన ఎండకి తాడిపత్రి దాటకముందే పేలుతాయేమోనని టెన్షన్.

నీళ్ల ట్యాంకు పాచి పట్టింది, బ్లీచింగ్ వేసి కడిగితే చాలా? గ్యాస్ పైపు సంగతి అడగను, అది మార్చేస్తున్నా.

మెకానిక్ ఏమో "స్టార్ట్ చేసి చూద్దాం పా" అంటున్నాడు, ఆ వైరు చూశాక నాకు ధైర్యం చాలడం లేదు. ముందు దేనితో మొదలుపెట్టమంటారు?