ఒక్క ఖాతాలోనే కంప్యూటర్ నెమ్మదించడానికి కారణం ఏమై ఉంటుంది?

మా ఇంట్లో నలుగురం వాడుకునే విండోస్ 10 కంప్యూటర్‌లో మిగతా మూడు ఖాతాలు నిమిషంలోపే తెరుచుకుంటుండగా, నా ఖాతాలో మాత్రం లాగిన్ అయ్యాక డెస్క్‌టాప్ కనిపించడానికే ఆరేడు నిమిషాలు పడుతోంది. యంత్రం ఒకటే కనుక లోపం ర్యామ్‌లో ఉందనుకోలేకపోతున్నాను. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ప్రోగ్రాములన్నీ (లాగిన్ కాగానే వాటంతటవే మొదలయ్యేవి) నిలిపివేసి, తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్ ఖాళీ చేసినా డిస్క్ వాడకం చాలాసేపు 100 శాతం దగ్గరే ఉంటోంది. సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన ప్రోగ్రాములతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి) మాత్రం ఇదే ఖాతా చురుకుగా పనిచేస్తోంది. నా డెస్క్‌టాప్ మీద దాదాపు 40 జీబీ ఫొటోలు, వీడియోలు పేరుకుపోయిన మాట నిజమే (ఇంట్లోవాళ్లు దాన్నే తప్పుపడుతున్నారు), కానీ ఇంత ఆలస్యానికి అవే కారణమా, లేక యూజర్ ప్రొఫైలే (నా ఖాతా సెట్టింగులు, ఫైళ్లు ఉండే చోటు) పాడైందా? కొత్త ఖాతా సృష్టించుకోవడమే మార్గమైతే, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు పోకుండా ఎలా తరలించాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.