పార్కిన్సన్స్: మింగమని గుర్తుచేసే బ్యాండు పనికొస్తుందా?

తెనాలి_రాధ: నాన్నగారికి పార్కిన్సన్స్. టీవీ చూస్తున్నా, మాట్లాడుతున్నా నోట్లోంచి చొంగ కారిపోతోంది, నలుగురిలోకి రావడమే మానేశారు. ఇంగ్లండ్‌లో క్యూబ్యాండ్ అని చేతికి పెట్టుకునేది తయారుచేశారట. ఎవరికైనా తెలుసా?

న్యూకాసిల్_శ్రీను: తెలుసండీ, మా ఊరి పరిశోధకులే. ఈ జబ్బులో చాలామందికి లాలాజలం ఎక్కువ ఊరడం కాదు సమస్య, మనం తెలియకుండానే మింగేస్తుంటాం కదా, ఆ అలవాటు తగ్గిపోతుంది. బ్యాండు కాసేపటికోసారి వైబ్రేట్ అవుతుంది, అవగానే గుటక వేయాలి, అంతే. ఆ బ్యాండు కోసమే ఎదురుచూడక్కర్లేదు, మామూలు స్మార్ట్‌వాచ్‌లో ఇంటర్వల్ టైమర్ పెట్టినా అదే పని. రోజంతా పెట్టకండి, చిరాకొచ్చి విసిరేస్తారు.

స్పీచ్_థెరపిస్ట్: ఒక్క మాట. అది చొంగకే, అన్నం దగ్గర పొలమారితే పనికిరాదు. దగ్గు రాకుండానే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, దాంతో న్యుమోనియా రావచ్చు, అదీ అసలు భయం. భోజనం లెవోడోపా (పార్కిన్సన్స్‌కి వాడే మందు) బాగా పనిచేస్తున్న టైములో పెట్టండి, నిటారుగా కూర్చోబెట్టి. పొలమారుతోందా?

తెనాలి_రాధ: పొలమారదు గానీ మాత్ర గొంతులో ఆగిపోతోందంటారు. మంచినీళ్ళు తాగాక గొంతు గరగరలాడుతుంది.

స్పీచ్_థెరపిస్ట్: అయితే వాచీ సంగతి తర్వాత చూద్దాం. ముందు న్యూరాలజిస్టుకు ఈ రెండూ చెప్పి, మింగేటప్పుడు ఎక్స్‌రే వీడియో తీసే వీడియోఫ్లోరోస్కోపీ కావాలేమో అడగండి. మాత్రలు మీరే నూరి ఇవ్వకండి, కొన్నిటిని నూరకూడదు.